నాన్న పాత రూటు, నా పాత స్విఫ్ట్

మొదటి రోజు: వనస్థలిపురం నుంచి రాజమండ్రి

మా ఆఫీసులో ఎవరు కారు కొనాలన్నా ముందు నా సీటు దగ్గరికి వస్తారు. రాకపోతే నేనే వెళ్లి చెబుతాను. సన్‌రూఫ్ ఎందుకు దండగ, షోరూంలో అంటగట్టే కోటింగులు ఎందుకు అక్కర్లేదు, ఏ ఇంజిను ఏ కంపెనీ బానెట్ కింద ఏ పేరుతో తిరుగుతోంది, అన్నీ నోటికి వచ్చు. ఇంట్లో మాత్రం ఈ పాండిత్యం చెల్లదు. అక్కడ మా నాన్న ఉంటాడు. 1980 నుంచి 2012 దాకా ఆర్టీసీ డ్రైవరు. ఎక్కువ కాలం గోకవరం డిపో, ఎక్కువ డ్యూటీలు మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం. నేను టార్కు (ఇంజిను తిప్పే బలం) గురించి అరగంట చెబితే ఓపిగ్గా విని, చివర్లో ఒకటే అడుగుతాడు: "కేఎంపీఎల్ ఎంతొస్తోంది?"

లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అని. ఆర్టీసీలో డ్రైవరు పనితనానికి అదో తూకం. బస్సు మీద ఐదు దాటిస్తే మంచి చెయ్యి కింద లెక్క. నాన్న 5.5 తీసేవాడట. ఆ అంకె మా ఇంట్లో ఎన్నిసార్లు వినపడిందో చెప్పలేను.

రిటైరయ్యాక ఆ రూటు మళ్లీ చూడలేదు. "ఒకసారి తీసుకెళ్లరా" అని రెండేళ్లుగా అంటున్నాడు. సంక్రాంతికి వెళ్దామంటే నేనే వద్దన్నాను. పండగ ముందు విజయవాడ హైవే మీద టోల్‌గేట్ల దగ్గర గంటలు గంటలు నిలబడే ఓపిక నాకు లేదు. రద్దీ తగ్గాక, జనవరి ఆఖరి వారంలో, తెల్లారి ఐదింటికి బయల్దేరాం.

బండి 2013 స్విఫ్ట్ వీడీఐ. మీటరు మీద లక్షా ముప్పై ఎనిమిది వేలు. నంబరు ప్లేటు ఇంకా ఏపీ 29 అనే ఉంది. తర్వాత టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది, నా ప్లేటు మాత్రం ఉమ్మడి రాష్ట్రంలోనే ఉండిపోయింది. లోపల ఉన్నది ఫియట్ వాళ్ల 1248 సీసీ డీజిల్ ఇంజిను. 75 హార్స్‌పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్కు. ఒకప్పుడు మారుతి, టాటా, ఫియట్, షెవర్లే అందరూ దీన్నే వాడారు. ఒకే తల్లి పిల్లలు నాలుగు ఇళ్లకి దత్తు వెళ్లినట్టు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 పొగ నియమాలు వచ్చేసరికి మారుతి డీజిల్ మొత్తం మానేసింది. నిమిషానికి 2000 చుట్ల (ఆర్పీఎం) లోపు ఈ ఇంజిను నిద్రమత్తులో ఉంటుంది. ఆ గీత దాటగానే ఎవరో వెనక నుంచి తోసినట్టు లేస్తుంది. ఈ గుణం నాకు ప్రాణం. నాన్నకి చిరాకు. "ముందు కదలదు, తర్వాత ఆగదు. ఇదేం అలవాటు బండికి?"

ఈ బండి అంటే నాకు ఇష్టమే గానీ దాచిపెట్టాల్సిందేమీ లేదు. ఇందులో ఎయిర్‌బ్యాగులు లేవు. 2014లో కార్ల భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఎయిర్‌బ్యాగుల్లేని స్విఫ్ట్‌ని గుద్ది చూసి సున్నా స్టార్లు ఇచ్చారు. అందుకే ఎవరైనా పాత స్విఫ్ట్ కొంటామంటే ఇంజినుని పొగిడి, బండిని మాత్రం వద్దంటాను. నాన్నకి బెల్టు పెట్టించడం కూడా ఒక యుద్ధం. ముప్పై రెండేళ్లు బెల్టు లేకుండా బస్సు నడిపినవాడికి "పెట్టుకో నాన్నా" అంటే ఎలా ఉంటుంది? ఇప్పుడు పెట్టుకుంటున్నాడు. కాకపోతే నేను చూసి చెప్పేదాకా ఆగి పెట్టుకుంటాడు.

సెల్లారులో బండి తీయబోతుంటే డిక్కీలోంచి వీల్ రాడ్ తీసి నాలుగు టైర్లనీ టక్ టక్ మని కొట్టాడు. చప్పుడుని బట్టి గాలి చెబుతాడు. పాత లారీ, బస్సు టైర్లకి అది సరైన పరీక్షే. కారు ట్యూబ్‌లెస్ రేడియల్‌కి ఆ లెక్క కుదరదు, గేజి పెట్టి చూడాల్సిందే. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసే ఉంటుంది. బంకు కుర్రాడు "ముప్పై ఐదు పెట్టెయ్యమంటారా సార్" అంటే తల ఊపేవాళ్లే ఎక్కువ. ఇంకో సంగతి: టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2221 అంటే 2021లో 22వ వారంలో తయారైందని. గాట్లు ఎంత లోతుగా కనిపించినా ఐదారేళ్లు దాటిన రబ్బరుని నమ్మకూడదు. ఇదంతా చెప్పాను. "నేను కొట్టింది గాలి కోసమే కాదురా, రాయి ఇరుక్కుందేమోనని" అన్నాడు నాన్న. నిజంగానే ఒకటి ఉంది.

హయత్‌నగర్ దాటేసరికి ఇంకా చీకటే. ఎదురుగా వచ్చే ప్రతి మూడో బండికీ బయట కొనుక్కుని బిగించుకున్న తెల్ల ఎల్‌ఈడీలు. హై బీమ్ ఒక జబ్బయితే, ఇది దానికి ముదురు రోగం. కంపెనీ ఇచ్చిన హాలోజెన్ గిన్నెలో ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు రోడ్డు మీద పడదు, ఎదుటివాడి కళ్లలో పడుతుంది. అద్దం తళతళలాడుతుంది కాబట్టి సొంతదారు మాత్రం బాగా కనపడుతోందనే అనుకుంటాడు.

పంతంగి టోల్‌గేటు దగ్గర నెమ్మదిస్తుంటే నాన్న అన్నాడు, "కాలు తీస్తే బండి తొందరగా నిలబడిపోతోందేంటి?"

"డీజిల్ కదా నాన్నా. కంప్రెషన్ ఎక్కువ. గేర్లో ఉన్నంతసేపూ ఇంజినే పట్టి ఆపుతుంది" అని మొదలుపెట్టి రెండు కిలోమీటర్లు ఉపన్యాసం ఇచ్చాను.

అంతా విని, "నేను చెప్పేది నువ్వు న్యూట్రల్లో వేశాక సంగతి" అని కిటికీలోంచి బయటికి చూశాడు. నేను పాట పెట్టాను.

టోల్ విషయంలో మాత్రం నా తెలివికి మార్కులు పడ్డాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ వార్షిక పాసు ఇస్తున్నారు. మొదలుపెట్టినప్పుడు ధర 3000 రూపాయలు; ఏడాది లేదా 200 సార్లు, ఏది ముందైతే అది. ఈ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు. విజయవాడ దాటాక పొట్టిపాడు, కలపర్రు, ఉంగుటూరు, ఈతకోట. ఒకవైపుకే ఏడు. ఏడాదికి రెండు మూడు సార్లు ఊరికి వెళ్లొచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కేసుకోవచ్చు.

సూర్యాపేటలో ఇడ్లీ తింటుంటే పక్కన ఒక ఎలక్ట్రిక్ కారు చార్జింగు పెట్టుకుని నిలబడి ఉంది. నాన్న చేతులు కడుక్కుని దాని చుట్టూ ఒక రౌండు వేసి వచ్చాడు.

"ఇంజిను చప్పుడు లేకపోతే గేరు ఎప్పుడు మార్చాలో ఎలా తెలుస్తుంది?"

"గేర్లే లేవు నాన్నా."

"మరి ఘాట్ దిగేటప్పుడు?"

"కాలు తీస్తే మోటారే వెనక్కి పట్టి ఆపుతుంది. ఆ వేగం కరెంటయి బ్యాటరీలోకి పోతుంది. కొండ దిగేసరికి చార్జింగు పెరుగుతుంది కూడా."

కాఫీ అయిపోయేదాకా ఏమీ మాట్లాడలేదు. బండెక్కాక అన్నాడు, "మేం ముప్పై ఏళ్లు బ్రేకు లైనర్లు అరగదీసుకున్నామే గానీ ఒక్క చుక్క డీజిలు వెనక్కి రాలేదురా."

ఎన్‌హెచ్ 65 మీద నాకున్న పెద్ద ఫిర్యాదు లారీలు. కుడి లేన్ వాళ్ల తాతల ఆస్తి అన్నట్టు యాభైలో పోతుంటాయి. వెనక ఎంత మోగించినా కదలవు. చివరికి అందరం ఎడమ నుంచే దాటతాం, అది తప్పని తెలిసీ. కోదాడకి ముందు అలాంటి లారీ వెనక చిక్కుకుని విసుక్కుంటుంటే నాన్న వాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. "ఎడమ పక్క ఏముందో చూడు." చూశాను. రాంగ్ రూట్లో ఎదురొస్తున్న బైకు. దాని వెనక ట్రాక్టరు. కాస్త ముందు కొబ్బరిబోండాల బండి, దాని కోసం ఆగిన రెండు కార్లు. "లోడు బండి ఒకసారి ఆపితే మళ్లీ వేగం అందుకోడానికి ఎన్ని గేర్లు మార్చాలో, ఎంత డీజిలు పోతుందో వాడికి తెలుసు. అందుకే ఎవరూ అడ్డురాని పక్కన పోతున్నాడు. ఆగినవాళ్లు నీలాంటి కార్లవాళ్లే." ఆ రెండు కార్లలో ఒకటి నాలాంటి స్విఫ్టే కావడం నా ఖర్మ.

నాలుగు వరసల హైవే మీద కార్లకి వంద దాకా వెళ్లొచ్చని 2018లో కేంద్రం చెప్పింది గానీ, నా బండికి 90 దగ్గరే సుఖం. ఐదో గేర్లో ముల్లు రెండు వేల చుట్టుపక్కల నిలబడి, ఇంజిను గొంతు సన్నగా ఒకే శ్రుతిలో ఉంటుంది. 110కి పోతే ఇల్లు చేరడంలో పావుగంట కలిసొస్తుందేమో, మైలేజీ మాత్రం కళ్లెదుటే పడిపోతుంది. విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కి ఎడమవైపు కొండకి దణ్ణం పెట్టుకుని, ఊళ్లో చిక్కుకోకుండా బయటపడ్డాం. తణుకు దాటాక సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రావులపాలెం దాటాక గౌతమి. గోదారి కనపడేసరికి నాన్న వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. కడియపులంక నర్సరీల దగ్గర రోడ్డుకి రెండు పక్కలా పూలే. మధ్యాహ్నం మూడుకల్లా దానవాయిపేటలో మేనత్త ఇంట్లో ఉన్నాం. ఇంకా ఎండ ఉంది, మారేడుమిల్లి వెళ్లిపోవచ్చు అన్నాను. "435 కిలోమీటర్లు అయ్యాక ఘాట్ మొహం చూడకూడదు" అన్నాడు. ఆ మాట తర్వాత ఇంకో మాట ఉండదు.

రెండో రోజు: గోకవరం మీదుగా మారేడుమిల్లి

పొద్దున్నే కోరుకొండ రోడ్డు పట్టాం. కొండ మీద నరసింహస్వామి గుడి కనపడగానే నాన్న ఆపమన్నాడు. దణ్ణం పెట్టుకోవడానికి అనుకున్నాను. పెట్టుకున్నాడు, తర్వాత బండి చుట్టూ తిరుగుతూ అరచేతి వెనక భాగం ఒక్కో చక్రం దగ్గర పెట్టి చూశాడు. హబ్బు, అంటే చక్రం నడిమి భాగం, ఎంత వేడిగా ఉందో చూడటం అన్నమాట. బేరింగు పోతున్నా, బ్రేకు పట్టేస్తున్నా ముందు చెప్పేది ఆ వేడే. అరచెయ్యి కాలకుండా ఉండాలని చెయ్యి తిప్పి చూడాలి.

"వెనక ఎడమది ఒకరవ్వ వెచ్చగా ఉందిరా."

"ఎండ పడుతోంది నాన్నా ఆ పక్క."

నాన్న తూర్పుకి చూశాడు. మేం పోతున్నది ఉత్తరానికి. సూర్యుడు కుడిపక్క ఉన్నాడు. ఏమీ అనలేదు, నవ్వాడంతే.

గోకవరం డిపో గేటు దగ్గర అరగంట. లోపల ఆయనకి తెలిసినవాళ్లు ఎవరూ మిగల్లేదు. బయట టీ బడ్డీ దగ్గర మాత్రం ఆయనతో తిరిగిన కండక్టరు ఒకాయన దొరికాడు. ఇద్దరూ కలిసి ఒక పాత బస్సు గురించి మాట్లాడుకున్నారు, పోయిన చుట్టం గురించి మాట్లాడుకున్నట్టు. దానికి సెకండు గేరు పడేది కాదట. ఘాట్‌లో హెయిర్‌పిన్ దగ్గర ఒక్క తిప్పులో మలుపు తిరగకపోతే ఈయన కిందికి దిగి వెనక నిలబడి "రైట్... రైట్... హోల్డాన్!" అని అరిచేవాడు. ఆ హోల్డాన్‌కీ లోయకీ మధ్య మూరెడు ఉండేదని ఒకాయన, జానెడేనని ఇంకొకాయన. మూడు టీలయ్యాయి, ఆ కొలత తేలలేదు.

గోకవరం దాటితే అడవి మొదలు. రంపచోడవరం దాకా రోడ్డు మెత్తగా ఉంది. నాకు ఇలాంటి రోడ్లే ఇష్టం. ఆరు వరసల హైవే మీద ఎవడైనా నడుపుతాడు. రెండు వరసల రోడ్డు మీద ఒక మలుపు దగ్గర ఎంతలో ప్రవేశించాలి, గేరు ఎక్కడ దించాలి, మలుపు సగంలో కాలు ఎక్కడ ఉండాలి అన్నదే డ్రైవింగు. మలుపుకి ముందే బ్రేకు పని అయిపోవాలి. మలుపులోకి వెళ్లాక బ్రేకు తొక్కితే బరువంతా ముందుకి పడి వెనక భాగం తేలిపోతుంది. ఈ సంగతి నేను వీడియోల్లో నేర్చుకున్నాను. నాన్న ఎలా నేర్చుకున్నాడని అడిగితే, "టాపు మీద కోళ్ల గంపలుండేవి. మలుపులో బ్రేకు కొడితే గోల చేసేవి" అన్నాడు.

మారేడుమిల్లిలో బొంగు చికెన్ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను రాయను. బాగుంది. నాన్న కారం చాలలేదన్నాడు.

మూడో రోజు: గుడిసె, అద్దె జీపులో

తెల్లారి నాలుగింటికి గుడిసె కొండకి వెళ్లాను. నాన్న రానన్నాడు. నా బండి తీసుకెళ్దామనుకుంటే, "దాని కాళ్లు పొట్టివి" అన్నాడు. అది నిజం. రాళ్లూ గుంతలూ నిండిన ఏటవాలు దారి మీద స్విఫ్ట్ పొట్ట గీరుకుంటుంది. అక్కడ అద్దెకి తిరిగేవన్నీ బొలేరోలూ పాత జీపులే. ఊళ్లో కూర్చుని బొలేరోని ఎంతైనా వెక్కిరించవచ్చు. వెనక లీఫ్ స్ప్రింగులు, మలుపులో పడవలా ఊగుతుంది, లోపల ప్లాస్టిక్కు చూడలేం. కానీ ఆ దారిలో మా డ్రైవరు కుర్రాడు ఫస్టు గేర్లో, యాక్సిలేటరు దాదాపు ముట్టుకోకుండా, బండిని దాని ఇష్టానికి వదిలేసి ఎక్కించాడు. చక్రం రాయి మీదికి ఎక్కిన క్షణాన కాలు తీసేవాడు, దిగిన క్షణాన ఆనించేవాడు. కింద నుంచి ఒక హైదరాబాద్ కుటుంబం తమ కొత్త ఎస్‌యూవీలో బయల్దేరి, సగం దూరంలో ఆగిపోయి, మా జీపు వెనక నిలబడి వచ్చింది. ఎస్‌యూవీ అని పేరు పెట్టిన ప్రతిదీ ఎస్‌యూవీ కాదు. సగానికి సగం కొంచెం ఎత్తు పెంచిన హ్యాచ్‌బ్యాకులు.

పైన గడ్డి కొండలు, కింద మబ్బు, చలి. తిరిగొచ్చేసరికి నాన్న బకెట్టు నీళ్లతో బండి కడిగి, ముందు అద్దం న్యూస్‌పేపరుతో తుడిచి పెట్టాడు. "రేపు ఘాట్ కదా" అన్నాడు.

నాలుగో రోజు: మారేడుమిల్లి – చింతూరు – భద్రాచలం

ఈ రోజు కోసమే వచ్చాం.

పొద్దున ఏడింటికి మంచు విడవకముందే బయల్దేరాం. స్టీరింగు ఇస్తానన్నాను. "ఘాట్‌లో వద్దు. కళ్లు ఇదివరకటిలా లేవు" అన్నాడు. పక్క సీట్లో కూర్చుని మూడే మాటలు వాడాడు: హారన్, సెకండు, ఆగు. ఒక్కో మలుపు ముందే, అది కనపడకముందే, "హారన్" అనేవాడు. పద్నాలుగేళ్ల తర్వాత కూడా ఏ మలుపు తర్వాత ఏది వస్తుందో ఆయన ఒంటికి గుర్తుంది. ఒకచోట "ఇక్కడ పెద్ద మద్ది చెట్టుండేది" అన్నాడు. లేదు. దాని బదులు రోడ్డు కాస్త వెడల్పయింది.

దిగుడు మలుపులో ఒక బస్సు ఎదురు ఎక్కుతూ వచ్చింది. ఇద్దరికీ చాలినంత చోటు లేదు. కొండ రోడ్డు మీద ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. రూల్సు పుస్తకంలో ఉన్నదే, కార్లవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది కూడా ఇదే. నేను వెనక్కి తీసుకుని పక్కకి ఒదిగాను. బస్సు డ్రైవరు దాటుతూ చెయ్యి ఎత్తాడు. మా వైపు నుంచి నాన్న చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి కిందికి దిగడానికి కాస్త సమయం పట్టింది.

అమృతధార జలపాతం వైపు బోర్డు దాటి ఇంకొంత దిగాక, ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడినట్టు వాసన. నా బండే అనుకుని గుండె ఆగింది. కాదు. మలుపు తిరగ్గానే ఒక తెల్ల ఆటోమేటిక్ కారు పక్కన ఆపి ఉంది, ముందు చక్రాల్లోంచి సన్నగా పొగ. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, వాళ్లమ్మ. కారు నడిపిన కుర్రాడు నీళ్ల సీసా మూత తీసి చక్రం మీద పొయ్యబోతున్నాడు.

బండి పూర్తిగా ఆగకముందే నాన్న తలుపు తీశాడు. "ఆగండి బాబూ! నీళ్లు పొయ్యకండి."

పోస్తే ఏమవుతుందంటే, ఎర్రగా కాలిన పెనం మీద చన్నీళ్లు పడ్డట్టే. డిస్కు వంకర పోవచ్చు, పగలొచ్చు. ఆ కుర్రాడు భయపడిపోయి ఉన్నాడు. "అంకుల్, బ్రేకు తొక్కితే మెత్తగా కిందికి పోతోంది. చివరి మలుపులో హ్యాండ్‌బ్రేక్ వేసి ఆపాను."

ఇక్కడ నా పాండిత్యం పనికొచ్చింది. బ్రేకు పెడలు మెత్తబడటానికి కారణం ఆయిలు మరగడం. బ్రేకు ఆయిలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిందంటే అది 155 దగ్గరికి పడిపోవచ్చు. మరిగితే బుడగలు వస్తాయి. ఆయిలు నొక్కితే నలగదు, బుడగ నలుగుతుంది. కాబట్టి మన కాలి బలమంతా బుడగలు నలపడానికే సరిపోతుంది, డిస్కు దాకా చేరదు. రెండేళ్లకోసారి ఆయిలు మార్చమని కంపెనీ చెప్పేది అందుకే. ఆయన బండి ఐదేళ్లది. ఎప్పుడు మార్చారంటే, "సర్వీసులో వాళ్లే చూస్తారు కదా" అన్నాడు.

నాన్న ఇదంతా పట్టించుకోలేదు. కారులోకి తల పెట్టి గేరు రాడ్డు చూస్తున్నాడు. "ఏ గేర్లో వచ్చారు?"

"డీ లోనే అంకుల్. ఆటోమేటిక్ కదా."

అక్కడే ఉంది తప్పు. డీ లో పెట్టి వదిలేస్తే చాలా ఆటోమేటిక్‌లు మైలేజీ కోసం పై గేర్లలోకి పోతాయి. దిగుడులో ఇంజిను పట్టు ఉండదు, భారమంతా బ్రేకు మీదే. అలాంటి బండ్లలో ఎల్ అనో, ఎమ్ అనో ఒకటి ఉంటుంది. ఆయన దాన్ని ఎప్పుడూ వాడలేదు. మాన్యువల్లోకి వేసి రెండో గేర్లో ఎలా ఉంచాలో నేను చూపించాను. నాన్న ఒక్క ముక్కలో చెప్పాడు: "ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాలి బాబూ. బ్రేకు ఆపడానికి, పట్టుకోవడానికి కాదు."

నలభై నిమిషాలు అక్కడే ఉన్నాం. పిల్లలు మా దగ్గరున్న జంతికలు తినేశారు. చల్లబడ్డాక పెడలు తిరిగి గట్టిపడింది. అయినా చింతూరు దాకా మా వెనకే, మా గేర్లోనే రమ్మన్నాం. అద్దంలో చూస్తూ దిగాను. ఆ ఇరవై కిలోమీటర్లలో ఆ తెల్ల కారు బ్రేకు లైటు వెలిగింది చాలా తక్కువసార్లు.

చింతూరులో వాళ్లు మెకానిక్ దగ్గరికి వెళ్లిపోయారు. శబరి ఒడ్డున మేం భోజనం చేశాం. భద్రాచలం రోడ్డు చదును. "ఇప్పుడియ్యి" అన్నాడు నాన్న.

నాన్న నడపడాన్ని పక్క నుంచి చూడటం నాకు అదే మొదటిసారి. చిన్నప్పుడు బస్సులో ఎప్పుడూ వెనక నుంచే చూశాను. సీటు ముందుకి జరుపుకున్నాడు. అద్దాలు మూడూ సర్దుకున్నాడు. మొదటి గేరు, కదిలింది, తెలియలేదు. రెండోది వేసేటప్పుడు చూశాను: క్లచ్ తొక్కి న్యూట్రల్లోకి తెచ్చి, క్లచ్ వదిలి, మళ్లీ తొక్కి గేరు వేశాడు. డబుల్ క్లచ్! పాత బస్సుల గేరుబాక్సుల్లో పళ్లు అరవకుండా గేరు పడాలంటే అలా చెయ్యాల్సి వచ్చేది. ఈ రోజుల్లో కార్లకి ఆ అవసరమే లేదు. ఆ మాట చెప్పబోయి ఆగిపోయాను. ఎందుకంటే నేను పన్నెండేళ్లుగా ఈ బండి నడుపుతున్నాను, రెండో గేరు పడేటప్పుడు తల ఒకరవ్వ ముందుకి ఊగుతుంది. ఇప్పుడు ఊగలేదు. రెండు వేల దగ్గర ఇంజిను లేచే చోటు కూడా ఆయన పది నిమిషాల్లో కనిపెట్టేశాడు. అక్కడికి చేరేముందే కాలు కాస్త సడలించేవాడు. తోపు లేదు, ఒక ఎత్తు మాత్రమే. డాష్‌బోర్డు మీద నా నీళ్ల సీసా నిలబెట్టి ఉంది, అది పడలేదు.

నెల్లిపాక దాకా ఆయనే నడిపాడు. ఆయన డ్యూటీ చేసిన రోజుల్లో ఈ ఊళ్లన్నీ ఖమ్మం జిల్లా. 2014లో ఈ మండలాలు ఆంధ్రలోకి వెళ్లాయి, భద్రాచలం ఊరు తెలంగాణలో ఉండిపోయింది. ఊరి పొలిమేరలో ఒక పోలీసాయన నా ప్లేటు చూసి "ఆంధ్రా బండా?" అన్నాడు. హైదరాబాద్ అన్నాను. ప్లేటు వైపు, నా వైపు, మళ్లీ ప్లేటు వైపు చూసి పంపించేశాడు.

సాయంత్రం రాముడి దర్శనం. నాన్న పాత నైటౌట్ రోజుల్లో బస్సులోనే పడుకుని, పొద్దున గోదాట్లో మునిగి, ఫస్టు ట్రిప్పుకి ముందు ఇక్కడికి వచ్చేవాడట.

ఐదో రోజు: భద్రాచలం నుంచి ఇంటికి

చెప్పుకోవడానికి పెద్దగా లేదు. బ్రిడ్జి దాటాం, పాల్వంచ, కొత్తగూడెం, ఖమ్మం. ఖమ్మం నుంచి సూర్యాపేట దాకా ఇప్పుడు నాలుగు వరసలు, అరవై కిలోమీటర్లు కునుకు పట్టేంత నున్నగా ఉంది. ఘాట్ లేదు, ట్రాఫిక్ లేదు. సూర్యాపేట తర్వాత బ్రేకు తొక్కిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాలుగింటికి ఇంటి దగ్గరి బంకులో ట్యాంకు నింపించాను. బయల్దేరినప్పుడు ఇక్కడే, ఇదే గన్ను దగ్గర, నిండా కొట్టించాను. దారిలో భద్రాచలంలో పోయించిందీ ఇదీ కలిపి 43.6 లీటర్లు. తిరిగింది 968 కిలోమీటర్లు.

"22.2" అన్నాను, గర్వంగానే. పదమూడేళ్ల బండికి, ఘాట్‌తో కలిపి.

సెల్లారులో ఆపాక నాన్న దిగి మామూలుగా చుట్టూ తిరిగాడు. ముందు రెండూ చూశాడు. వెనక కుడిది చూశాడు. వెనక ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు.

"ఇప్పుడు నువ్వు చూడు."

అరచేయి తిప్పి పెట్టాను. కాలింది. కుడి చక్రం దగ్గర పెట్టి చూశాను, చల్లగా ఉంది. సెల్లారులో ఎండ లేదు.

మర్నాడు మెకానిక్ వెనక చక్రం బ్రేకు డ్రమ్ము ఊడదీశాడు. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ లోపల తుప్పు పట్టి వెనక్కి రావడం లేదు. ఎడమ పక్క బ్రేకు షూలు ఎప్పుడూ డ్రమ్ముని రాసుకుంటూనే ఉన్నాయి, అద్దంలా మెరుస్తున్నాయి. నవంబరులో ఇంటి నుంచి పని అని మూడు వారాలు బండి కదపకుండా, హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేసింది నేనే. "ఎక్కువ రోజులు పెట్టేటప్పుడు గేర్లో పెట్టి వదిలెయ్యరా" అని నాన్న అప్పుడే చెప్పాడు.

కొత్త కేబులు, షూలు వేయించి ఇంటికి వచ్చేసరికి నాన్న బాల్కనీలో పేపరు చదువుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"అది పట్టకుండా ఉంటే ఇరవై మూడు వచ్చేది."